మావయ్య కట్టిన సాయంత్రం

మా మావయ్యకు లోకంలోని కష్టాలన్నిటికీ ఒకటే మందు తెలుసు. నాలుగు గుంజలు పాతి పైన గుడ్డ కట్టడం. ఎండ ముదిరితే గుడ్డ. వాన వస్తే దళసరి గుడ్డ. పక్కవీధిలో అన్నదమ్ములిద్దరు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మొహం ఒకరు చూడలేక చస్తుంటే, ఈయన వెళ్ళి హాలు మధ్యలో నిలువునా పరదా కట్టి వచ్చాడు. కొన్నాళ్ళకు వాళ్ళు కలిసిపోయి పరదా తీసుకుపొమ్మని కబురు పంపితే, "ఉండనీండి, మళ్ళీ కావాలి" అన్నాడు. కావలసి వచ్చింది కూడా.

ఆయనది టెంట్ హౌస్. గుడ్డలు, గుంజలు, కుర్చీలు, బల్లలు, కూలర్లు అద్దెకిస్తాడు. ఏ పెళ్ళికి వెళ్ళినా పెళ్ళికూతుర్ని చూడడు. తల పైకెత్తి తాళ్ళ ముడులు చూస్తాడు. వేరేవాళ్ళు కట్టిన టెంటయితే, ఎవరూ చూడకుండా ఓ ముడి విప్పి, తన పద్ధతిలో బిగించి, కడుపు నిండినవాడిలా బయటికొస్తాడు. భోజనం సంగతి తరవాత.

నేను కాలేజీ మానేశాక మా అమ్మ నన్ను ఈయన దగ్గరికి తోలింది. "వీడికో దారి చూపించు అన్నయ్యా" అంది. ఆయన దారి చూపించలేదు, గుంజ చూపించాడు. మోస్తున్నాను. ఇంజినీరింగ్ సగంలో వదిలేశాను కాబట్టి నన్ను "ఇంజినీరూ" అని పిలుస్తాడు. గుంజ వంకరగా పాతితే "సగం ఇంజినీరూ" అంటాడు. ఇందులో నాకు బాధేమీ లేదు, గుంజ నిజంగానే వంకరగా ఉంటుంది.

ఇలాంటి మనిషికి తోట ఏమిటని ఎవరైనా అడగొచ్చు. దానికి కారణం మా అత్తయ్య.

అత్తయ్య బ్రెడ్ ఫ్యాక్టరీలో ఓవెన్ దగ్గర పనిచేస్తుంది. సాయంత్రం ఐదింటికి వీధి మొదట్లోకి ఫ్యాక్టరీ వ్యాన్ వస్తుంది. అది ఎక్కి వెళితే మళ్ళీ తెల్లారాకే ఇంటికి రావడం. వచ్చి స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని, చెవుల్లో దూది పెట్టుకుని, కళ్ళకు గుడ్డ కట్టుకుని, వెల్లకిలా పడుకుంటుంది. ఇక ఆ నిద్ర భూకంపానికి కూడా లేచేది కాదు. వారానికో సెలవుంటుంది గానీ, ఆ రోజు చెల్లెలి ఇంటికి వెళ్ళి అక్కడ పడుకుంటుంది. ఇంట్లో పడుకుంటే మావయ్య మాట్లాడతాడట.

ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో అత్తయ్య ఓ మాటంది. "పనినించి వచ్చేసరికి నా ముక్కులో ఈస్టు, నా జుట్టులో పిండి. గుమ్మంలో అడుగుపెట్టగానే ఏదైనా మంచి వాసన తగిలితే బాగుండు." అన్నదాన్ని ఆమె మర్చిపోయింది. మావయ్య మర్చిపోలేదు. ఇంటి పక్కన వీధి గోడ దాకా ఉన్న ఖాళీ జాగాలో తవ్వించి, ఎరువు పోయించి, నర్సరీకి వెళ్ళి "అన్నిటికన్నా గట్టిగా వాసన కొట్టేది ఏది?" అని అడిగాడు, ఎమల్షన్ పెయింటు కొంటున్నట్టు. వాడు మల్లె చూపించాడు. ఇంటి పొడవునా మల్లె పొదలు వేశాడు. గోడ మీదికి జాజి తీగ పాకించాడు.

ఆయన ఆలోచించని విషయం ఒక్కటే. మల్లెమొగ్గ పొద్దు వాలాక విచ్చుకుంటుంది. అత్తయ్య పొద్దు వాలకముందే వెళ్ళిపోతుంది. రాత్రంతా అది ఉన్న వాసనంతా గాలికి ధారపోసి, ఆమె తిరిగొచ్చేసరికి చప్పబడిపోయి ఉంటుంది. కాస్త ఎండెక్కితే ఎర్రబారి నేల మీద రాలిపోతుంది. మొక్కకూ మనిషికీ షిఫ్టు కుదరలేదు. ఆరేళ్ళుగా కుదరలేదు.

ప్రతి ఏడూ వసంతం పోతూ పోతూ ఎండలు మొదలయ్యే ఆ కొద్ది వారాలూ, మావయ్య సాయంత్రం షాపు నాకప్పగించి ఇంటికి పరిగెత్తేవాడు. మెట్టు మీద కూర్చుని, బనీను పైకెగదోసి, కళ్ళు మూసుకుని పీల్చేవాడు. నేను షాపు కట్టేసి వచ్చేసరికి మొహం వెలిగిపోతూ ఉండేది. ఆ వెలుగు మీద ఒక దిగులు గీత కూడా ఉండేది. "మీ అత్తయ్య చూడాల్రా ఇది" అనేవాడు, రోజూ.

ఒకసారి పూలు కోసి పళ్ళెంలో పోసి, ఆమె తలగడ పక్కన పెట్టి చూశాడు. తెల్లారి వచ్చి సగం నిద్రలో ఉన్న అత్తయ్య అవి పేలాలనుకుని గుప్పెడు నోట్లో వేసుకుంది. తరవాత ఓ వారం రోజులు ఆయన మీద నమ్మకం లేక, ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా ముందు వాసన చూసింది. చూడమన్నప్పుడు మాత్రం చూడలేదు.

ఇంకోసారి, "ఒక్క సాయంత్రం సెలవు పెట్టవే" అని బతిమాలాడు.

"ఎందుకూ?"

"పూల వాసన చూడ్డానికి."

"లీవు లెటర్లో ఏం రాయను? జ్వరమా, మల్లెపూలా? నేను లేకపోతే అక్కడ ఒక్క ట్రే సవ్యంగా దిగదు. ఆ కుర్రాళ్ళకి గడియారం చూడ్డం వచ్చు గానీ ఓవెన్ చూడ్డం రాదు."

అది గొప్పలు పోవడం కాదు. బన్ను మాడబోయే ముందు సంగతి అత్తయ్య ముక్కుకు తెలుస్తుంది. మా ఇంట్లో పాలు పొంగే ముందు పక్కగదిలోంచి "స్టవ్ కట్టెయ్" అని వినిపిస్తుంది. అంత ముక్కు పెట్టుకుని, తన గోడ పక్కన ఏం జరుగుతుందో ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిన తోటంటే ఊడ్చాల్సిన చెత్త. పొద్దున్నే ఎర్రబారిన పూలు, ఎండుటాకులు, నీళ్ళు పోసిన చోట బురద, బురద మీద దోమలు.

ఈ ఏడు ఆమె ఓపిక అయిపోయింది.

"మేస్త్రీతో మాట్లాడాను" అంది ఓ మంగళవారం, వ్యాన్‌కి వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటూ. "గురువారం పొద్దున వస్తాడు. ఆ పొదలన్నీ పీకించి గచ్చు చేయిద్దాం. దుప్పట్లు ఆరేసుకోవచ్చు, మీ కుర్చీలు పెట్టుకోవచ్చు."

మావయ్య నోరు తెరిచాడు. అత్తయ్య చూసింది. మూశాడు. "సరే" అన్నాడు. ఆయన జీవితంలో ఆమె మాటకు చెప్పిన సమాధానాలన్నీ ఈ ఒక్క మాటలో ఇమిడిపోతాయి.

ఆమె వెళ్ళాక నావైపు తిరిగాడు. "తెలియకుండా పీకించేస్తోందిరా. ఒక్కసారి వాసన చూసి, తరవాత పీకెయ్యమంటే నేనే గునపం పట్టుకుంటాను. చూడకుండా పీకించడం అన్యాయం. ఉన్నది రేపొక్కరోజే."

"సెలవు పెట్టదు కదా."

"పెట్టదు." కాసేపు మెట్టు మీద కూర్చుని మొగ్గల వైపు చూశాడు. "ఒరేయ్ ఇంజినీరూ, మొగ్గకి వాచీ ఉంటుందా?"

"ఉండదు."

"మరి సాయంత్రమైందని దానికెలా తెలుస్తుంది?"

"చీకటి పడుతుంది. చల్లబడుతుంది. దాన్ని బట్టేమో."

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. మావయ్య మొహంలోకి పరదా కట్టబోయే ముందు వచ్చే కళ వచ్చేసింది.

"చీకటి నా గోడౌన్లో ఉంది" అన్నాడు. "చల్లదనమూ ఉంది. మధ్యాహ్నానికే దానికి సాయంత్రం చేసి పెడదాం. మీ అత్తయ్య నాలుగింటికి లేచి బయటికొచ్చేసరికి తోటంతా విరగబూసి ఉంటుంది. చూసి, వ్యాన్ ఎక్కుతుంది."

"మావయ్యా, అది మొక్క. పెళ్ళివారు కాదు, టెంటు వేయగానే కూర్చోడానికి."

"నువ్వు మొక్కల చదువు చదివావా?"

"లేదు."

"నేనూ చదవలేదు. ఇద్దరం సమానం. తాడు తీసుకురా."

బుధవారం అత్తయ్య దూది పెట్టుకుని పడుకోగానే పని మొదలుపెట్టాం. గోడౌన్లో ఒక గారడీవాడు అద్దెకు తీసుకునే పెద్ద నల్లగుడ్డ ఉంది. దాని వెనక ఏనుగు నిలబడ్డా కనబడదని వాడు చెప్పుకుంటాడు. దాన్ని తెచ్చాం. చప్పుడవకూడదని గునపం మొనకు గోనెసంచి చుట్టి తవ్వాం. మావయ్య వేళ్ళతోనే ఆజ్ఞలిచ్చాడు. నాకు సగం అర్థం కాలేదు, అర్థమైన సగం తప్పు. అయినా ఇంటి గోడ నుంచి దాదాపు వీధి గోడ దాకా నల్లటి డేరా లేచి నిలబడింది. గుడ్డ చాలక, వీధి గోడ వైపు చివరి వరస పొదలు, జాజి తీగ మాత్రం బయట ఉండిపోయాయి. పెద్ద కూలర్లు రెండు లోపల పెట్టి నీళ్ళు పోసి తిప్పాం. వాటి హోరులో బయట డప్పు కొట్టినా వినబడదు.

లోపల మేమిద్దరం టార్చి లైటుతో మొగ్గల ముందు గొంతుక్కూర్చున్నాం. మావయ్య ఒక్కో మొగ్గ మీదికీ వంగి, తలుపు సందులోంచి చూసినట్టు చూస్తున్నాడు.

"కదులుతోందిరా."

"కూలర్ గాలికి."

"నీకు నమ్మకం లేదు. మొక్కకి తెలిసిపోతుంది అది. బయటికి పో."

పోలేదు, కూలర్లో నీళ్ళు పోసేవాడు ఇంకెవడూ లేడు. ఎండ నడినెత్తికి వచ్చింది. నల్లగుడ్డ కదా, ఎండనంతా తాగి లోపలికి వదిలింది. కూలర్ నీళ్ళు ఆవిరై తిరుగుతున్నాయి. మా ఒంటి మీద చెమట కాలువలు కట్టింది. అది సాయంత్రంలా లేదు. ఇడ్లీ పాత్రలా ఉంది.

ఈలోగా బయట జరిగింది మాకు తెలియదు. మా షాపు ట్రాలీ నడిపే పెద్దాయన ఒకడున్నాడు. ఆయనకొక నియమం, టెంటు వెళ్ళిన చోటికి కుర్చీలు వెళ్ళాలి. ఎవరూ చెప్పక్కర్లేదు. నల్లగుడ్డ ఓనరు ఇంటికి వెళ్ళిందని విని, ట్రాలీ నిండా కుర్చీలు తెచ్చి, వీధిలో వరసలుగా వేసి, అడిగేవాళ్ళు లేక వెళ్ళిపోయాడు.

నల్లటి డేరా. ముందు ఖాళీ కుర్చీలు. లోపలి నుంచి ఒక్క మాట లేదు. ఇక వీధివాళ్ళు ఏమనుకుంటారో చిన్నపిల్లవాడైనా చెబుతాడు.

పోయిందెవరని అడగడం మర్యాద కాదు. వచ్చి కూర్చోవాలి, నేల చూడాలి, నిట్టూర్చాలి, పక్కవాడు చెబుతాడని ఎదురుచూడాలి. పక్కవాడు కూడా అదే చేస్తాడు. అలా ఒక వరస నిండింది, రెండో వరస నిండింది. తెలిసినవాడు ఒక్కడూ లేడు, తెలియదని ఒప్పుకున్నవాడు అసలే లేడు.

అప్పుడు మావయ్య కాస్త గాలి కోసం గుడ్డ పక్కకు తొలగించుకుని బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా, మొహం తడితడిగా, బనీను ఒంటికి అతుక్కుపోయి. అన్ని కుర్చీల్లో అంతమందిని చూసి నిలబడిపోయాడు. ఎవరో దగ్గారు. అత్తయ్యకు మెలకువ వస్తుందన్న భయంతో మావయ్య పెదవి మీద వేలు పెట్టుకుని, రెండు చేతులూ జోడించి, మళ్ళీ లోపలికి దూరాడు.

ఆయన బతికే ఉన్నాడు. కొంచెంసేపటికి నీళ్ళ బకెట్టుతో నేనూ బయటికొచ్చాను, నేనూ బతికే ఉన్నాను. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. మిగతా లెక్క వీధివాళ్ళు వేసేసుకున్నారు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అన్నాను.

ముందు వరసలోని రిటైర్డు గుమస్తా లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ధైర్యంగా ఉండాలి బాబూ. మావయ్యకి ఇక నువ్వే దిక్కు."

"ఎవరూ పోలేదండీ. అది మల్లెపూల కోసం."

"పూలు మేం తెప్పిస్తాం. నువ్వు ఆ పని పెట్టుకోకు."

"అత్తయ్య లోపల పడుకుని ఉంది. నాలుగున్నరైనా ఇంకా లేవలేదంతే."

గుమస్తా వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు, "పాపం, కుర్రాడు ఇంకా నమ్మలేకపోతున్నాడు." వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. నేను బకెట్టు అక్కడే పెట్టేసి, మావయ్యను లాక్కురావడానికి లోపలికి పరిగెత్తాను.

ఆ వ్యవధిలోనే ఎదురింటి పిన్నిగారు మా ఇంట్లోకి వెళ్ళింది. ఈ వీధిలో ఏ ఇంట్లో ఏడుపున్నా మొదలుపెట్టేది ఆవిడే. ఆవిడ మొదలుపెట్టకపోతే మిగతావాళ్ళకు శ్రుతి దొరకదు. గదిలో అత్తయ్య వెల్లకిలా, చేతులు కడుపు మీద పెట్టుకుని, కళ్ళ మీద గుడ్డ, చెవుల్లో దూది. ఇంకేం కావాలి.

"అమ్మా, ఎంత మంచిదానివమ్మా" అని అందుకుంది పిన్నిగారు. "ఎవర్నీ పల్లెత్తు మాటనని తల్లివి. అన్నా మొహం మీదే అనేదానివి కదమ్మా. నిన్నగాక మొన్న నా ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళావు. ఇక ఎవర్నడగనమ్మా, ఎక్కడ పెట్టావో కూడా చెప్పకుండా పోయావు కదమ్మా."

దూదిని దాటి వెళ్ళింది ఆ చివరి మాటే. అత్తయ్య కళ్ళ మీద గుడ్డ తీసింది.

"ఇస్త్రీపెట్టె నిన్ననే పంపించాను" అంది. "మీ కోడలు తీసుకుంది. ఆ అమ్మాయినడగండి."

పిన్నిగారు నోరు తెరుచుకుని అలాగే గోడకు జారి కూర్చుంది. తలుపు దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్ళు ఎటు పరిగెత్తాలో తెలియక ఒకరినొకరు గుద్దుకున్నారు. అత్తయ్య దూది పీకి పారేసి, జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కుర్చీలన్నీ ఒక్కసారిగా లేచాయి.

"ఎవరు పోయారు?" అంది.

ఆమె ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చింది. చూస్తుండగానే ఆమెకు విషయం అర్థమైంది. అదే సమయంలో ఇంకొకటి కూడా కనబడింది. వీధి మొదట్లో ఫ్యాక్టరీ వ్యాన్ వెనక్కి తిరుగుతోంది. డ్రైవరు ఆఖరి కుర్చీలోని మనిషిని అడిగి, టోపీ తీసి, ఒక నిమిషం తల వంచుకుని, బండి తిప్పేశాడని తరవాత తెలిసింది. అత్తయ్య కొంగు బిగించి పరిగెత్తింది. "ఆగు, ఆగరా, నేనిక్కడున్నాను" అని అరిచింది. వెనకసీట్లో కూర్చున్న ఆడవాళ్ళు అద్దంలోంచి ఆమెను చూశారు. బండి మరింత వేగంగా పోయింది.

ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. సూపర్‌వైజరు ఎత్తాడు, అప్పటికే వ్యాన్ నుంచి కబురు అందినట్టుంది. "నేనేనండీ మాట్లాడుతున్నాను" అంటే, "ఇలాంటి వేళ ఆవిడ గొంతుతో వేళాకోళాలు తగవమ్మా" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మర్నాడు తెలిసిన సంగతేమిటంటే, ఆ సాయంత్రం ఓవెన్ దగ్గర ఆమె కోసం రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ రెండు నిమిషాల్లో ఒక ట్రే బన్నులు బొగ్గయ్యాయి.

అత్తయ్య ఫోన్ పెట్టేసి తోట వైపు తిరిగింది. మావయ్య నల్లగుడ్డ అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు, గారడీ చెడిన గారడీవాడిలా.

"ఏమిటండీ ఇది?"

"సాయంత్రం" అన్నాడు మావయ్య.

"ఏమిటీ?"

"నువ్వు ఒక్కసారైనా ఆ వాసన చూడాలని. నువ్వు ఐదింటికి వెళ్ళిపోతావు కదా. అందుకని సాయంత్రాన్ని కాస్త ముందుకు జరుపుదామని." ఇంత పెద్ద మాట ఆమె ముందు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. అదీ వీధి వీధంతా వింటుండగా.

అత్తయ్య గుడ్డ ఎత్తి లోపలికి తొంగిచూసింది. ఆవిరి మొహాన కొట్టింది. మొగ్గలు ఒక్కటీ విచ్చుకోలేదు సరికదా, చాలామట్టుకు ఉడికి, వాడి, కొమ్మలకు వేలాడుతున్నాయి. మావయ్య ఆమె భుజం మీదుగా చూశాడు. అప్పటిదాకా పనిలో పడి ఆయన మొత్తంగా చూడలేదనుకుంటాను. మొహం పాలిపోయింది. రేపెలాగూ పీకిస్తారు, ఈలోగా వాటిని తన చేతులతోనే ఉడకబెట్టేశాడు.

"ముందు ఈ దిక్కుమాలిన గుడ్డ దించండి" అంది అత్తయ్య. "చూస్తున్నారేం, మీరూ రండి. ఊరికే కూర్చోడానికి వచ్చారా? తాళ్ళు విప్పండి."

చావుకొచ్చినవాళ్ళు తాళ్ళు విప్పారు. రిటైర్డు గుమస్తా గుంజ పట్టుకున్నాడు. ఎదురింటి పిన్నిగారు మనసు కుదుటపరచుకుని వచ్చి గుడ్డ మడత వేయడంలో తనకన్నా తెలిసినవాళ్ళు లేరని తేల్చింది. అయిపోయాక ఒక్కరూ ఇళ్ళకు పోలేదు. మొగుడూ పెళ్ళాల తగాదా మిగిలి ఉంది, కుర్చీలు ఎలాగూ వేసి ఉన్నాయి. కూర్చున్నారు.

అత్తయ్య మెట్టు మీద నిలబడి అందుకుంది. పరువు పోయిందంది. ఉద్యోగం పోయినా పోతుందంది. బతికుండగానే జనాన్ని తన మీద పడి ఏడ్చేలా చేసిన మొగుడు ప్రపంచంలో ఇంకొకడు ఉండడంది. మావయ్య తల వంచుకుని తాడు చుడుతూ నిలబడ్డాడు. తిట్టు తిట్టుకూ ఒక చుట్టు. ఈలోగా పొద్దు వాలింది. వేడి తగ్గి పిల్లగాలి తిరిగింది. మేమెవరం అటు చూడలేదు.

"రేపు మేస్త్రీ రానీండి, ఒక్క ఆకు కూడా మిగలకుండా..." అంటూ అత్తయ్య ఆగిపోయింది.

ముక్కు కొంచెం పైకి లేచింది. పాలు పొంగే ముందు ఆమె మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అలా అయింది. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. మెట్లు దిగింది. వీధి గోడ వైపు, గుడ్డ అందక వదిలేసిన ఆ చివరి వరస దాకా నడిచింది. అక్కడ మొగ్గలు వాటంతటవి, మాలో ఎవరి సాయమూ లేకుండా విచ్చుకున్నాయి. పైన జాజి తీగ కూడా. ఆ గాలికి అడ్డం పోయి నిలబడితే వాసన మీద మనిషి ఆనుకోవచ్చనిపిస్తుంది, అంత దట్టంగా ఉంది.

అత్తయ్య వంగింది. ఒక్కసారి పీల్చి, ఆగి, మళ్ళీ పీల్చింది. వీధి వీధంతా ఆమె వీపు చూస్తూ కూర్చుంది. తాడు చుట్టడం ఆపేశాడు మావయ్య.

చాలాసేపటికి నిటారుగా నిలబడి ఇటు తిరిగింది. కళ్ళలో తడి ఉంది. గొంతులో మాత్రం నిప్పులున్నాయి.

"రోజూ ఇలాగే ఉంటుందా?"

"ఈ నెలంతా" అన్నాడు మావయ్య.

"నేను అక్కడ పొయ్యి ముందు మాడి చస్తుంటే, ఆరేళ్ళుగా ఇదంతా మీరొక్కరే పీలుస్తున్నారన్నమాట."

"రమ్మని చెబుతూనే ఉన్నాను కదే."

"ఏం చెప్పారు? పూల వాసన అన్నారు. ఇలాంటి వాసన అని చెప్పారా? పేలాల్లా పళ్ళెంలో పోసి పెడితే నాకేం తెలుస్తుంది? టెంటు సైజులు చెప్పమంటే గంటసేపు చెబుతారు. ఇది చెప్పడానికి మీకు నోరు రాలేదా?"

నిజమే, మావయ్యకు చెప్పడం రాదు, కట్టడం వచ్చు.

"మీరు అటు జరగండి" అంది అత్తయ్య. "ఇంకా దూరం. ఆ గేటు దాకా. మీకు ఇవ్వాళ లేదు."

మావయ్య గేటు దాకా జరిగాడు. గాలి అటే వీస్తోందని నేను గమనించాను, చెప్పలేదు. కుర్చీలవాళ్ళు ఒక్కొక్కరే లేచి గోడ దగ్గరికి వచ్చి ముక్కులు పెట్టారు. పిన్నిగారు అయితే, పోయినప్పుడు కూడా ఇంతమంచి వాసన మధ్య పోవాలమ్మా అంది. ఆ మాట ఎవరికీ నచ్చలేదు గానీ ఎవరూ కాదనలేదు.

గురువారం పొద్దున మేస్త్రీ గునపం, తాపీ, మట్టపు బద్ద పట్టుకుని వచ్చాడు. సిమెంటు బస్తాలు ముందే దిగి ఉన్నాయి. అత్తయ్య అప్పటికే ఫ్యాక్టరీకి వెళ్ళి తను బతికున్నానని నిరూపించుకుని, మాడిన ట్రే చూసి అక్కడందరినీ తిట్టి, పనిలో పనిగా పూలుండే వారాలకు పొద్దుటి షిఫ్టు రాయించుకుని వచ్చింది. ఇస్తాననేదాకా సూపర్‌వైజరు ఎదురుగా కదలకుండా నిలబడిందట. చచ్చి వచ్చిన మనిషిని కాదనడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"ఎక్కణ్ణించి పీకమంటారమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"ఒక్కటి కూడా పీకడానికి వీల్లేదు. ఇదిగో, ఈ పొదల మధ్యన కూర్చోడానికి ఒక గట్టు కట్టు."

"ఎంత పొడుగు?"

"ఒక మనిషికి."

మేస్త్రీ మావయ్య వైపు చూశాడు. "ఒక్కరికేనా?"

"ఒక్కరికే. ఆయన వంతు ఆరేళ్ళకీ సరిపడా అయిపోయింది" అని అత్తయ్య పడుకోడానికి లోపలికి వెళ్ళింది.

సిమెంటు కలపడానికి మావయ్య కూర్చున్నాడు. అత్తయ్య తలుపు వేసుకోగానే మేస్త్రీకి రెండు చేతులూ చాచి చూపించాడు, ఇంత. మేస్త్రీ లోపలి వైపు బొటనవేలు చూపించి తల అడ్డంగా ఊపాడు. మావయ్య చేతులు కొంచెం దగ్గరకు తెచ్చాడు. మేస్త్రీ ఇంకొంచెం తెమ్మన్నాడు. పొద్దున్నంతా ఆ బేరం మాటల్లేకుండా సాగింది. చివరికి కట్టిన గట్టు ఒకరికి మరీ ఎక్కువ, ఇద్దరికి తక్కువ.

సాయంత్రాలు ఇప్పుడు దాని మీద అత్తయ్య నిండుగా కూర్చుంటుంది. మిగిలిన చారెడు జాగాలో మావయ్య ఒక కాలు నేలకు తన్నిపెట్టి, సగం గాల్లో వేలాడుతూ కూర్చుంటాడు. ఆమె ఫ్యాక్టరీ కబుర్లు మొదలుపెడితే ఆపదు. ఆయన "ఊఁ" అంటూ, మాట మాటకూ మధ్య దొరికినంత పీల్చుకుంటాడు.